అప్‌డేట్: డబ్బా మీద ‘లెవెల్ 2’ అంటే ఏమిటో తెలిసింది

పక్షవాతం తర్వాత నాన్నకు మంచినీళ్లు తాగినా పొలమారుతోందని, జగదాంబ దగ్గర మందుల షాపులో కొన్న, నీళ్లను చిక్కబరిచే పొడి డబ్బా మీద ‘లెవెల్ 2’ అని ఉంటే అది ప్రభుత్వ సర్టిఫికెట్టేనా అని ఆ మధ్య అడిగాను. కాదు. డబ్బా మీది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల నంబరు లైసెన్సు ఉందని మాత్రమే చెబుతుంది. లెవెల్ అనేది మింగడం కష్టమైనవాళ్ల ఆహారం, పానీయాలు ఎంత చిక్కగా ఉండాలో చెప్పే ఐడీడీఎస్‌ఐ అనే అంతర్జాతీయ కొలమానం, 0 నుంచి 7 వరకు. డబ్బా మీద ఆ అంకె వేసేది కంపెనీయే.

స్పీచ్ థెరపిస్టు మేడమ్ చేసి చూపించారు. సూది లేని 10 మి.లీ. సిరంజి కొనను వేలితో మూసి, పొడి కలిపిన నీళ్లు 10 గీత దాకా పోసి, వేలు తీసి 10 సెకన్లు ఆగాలి. 4 నుంచి 8 మి.లీ. మిగిలితే లెవెల్ 2. సిరంజి మీద 0 నుంచి 10 గీత దాకా 61.5 మి.మీ. ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

పొడి దేనితో చేశారో కూడా తప్పకుండా చదవండి. పిండి పదార్థమైతే లాలాజలం తగిలి నోట్లోనే పలచబడుతుంది, జాంథన్ గమ్ (ఒక రకం జిగురు పదార్థం) అలా కాదు. అమ్మ కాచే చోడి (రాగి) అంబలిదీ అదే ఇబ్బంది, పైగా చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే తాగించే ముందే కొలుస్తున్నాం.

నాన్నకు పొలమారడం బాగా తగ్గింది. మింగడం మళ్లీ పరీక్ష చేసేదాకా లెవెల్ మార్చవద్దన్నారు మేడమ్.