డిగ్రీ ఇంటర్న్‌షిప్ ఎంతవరకు పనికొచ్చిందో స్టడీ చేయాలి, ప్రభుత్వ గ్రాంటు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న (కామర్స్ లెక్చరర్):
అందరికీ నమస్కారం. నాది ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ కలిపి పది నెలలు తప్పనిసరి చేశారు కదా, దానివల్ల పిల్లలకు ఉద్యోగాల దగ్గర ఏమైనా ఒరిగిందా లేక సర్టిఫికెట్లతోనే సరిపోయిందా అని ఐదారు కాలేజీల్లో అధ్యయనం చేయాలని ఉంది. పీఎం-ఉష అనే కేంద్ర ఉన్నత విద్యా పథకం కింద కాలేజీలకు 5 కోట్లు ఇస్తున్నారు, అందులో నుంచి దీనికి వాడుకోవచ్చని మా స్టాఫ్ రూమ్‌లో అంటున్నారు. నిజమేనా?

జవాబు (రిటైర్డ్ ప్రిన్సిపాల్):
మేడమ్, ఆ ఆశ వదులుకోండి. పీఎం-ఉష అంటే 2013లో మొదలైన రూసాకే (రాష్ట్రీయ ఉచ్చతర్ శిక్షా అభియాన్) 2023లో పెట్టిన కొత్త పేరు. కాలేజీల బలోపేతానికి ఇచ్చే ఆ 5 కోట్లు ముఖ్యంగా భవనాలు, మరమ్మతులు, ల్యాబులు, పరికరాల కోసం, అదీ ముందే ఆమోదం పొందిన ప్లాన్ ప్రకారమే. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెట్టుకునే డబ్బు, మధ్యలో మీ స్టడీకి ఇంత తీసి ఇవ్వడం ప్రిన్సిపాల్ చేతిలో పని కాదు. ఇంకొందరు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) వారి పరామర్శ్ స్కీము అంటారు. 2019లో వచ్చిన ఆ స్కీము మంచి గ్రేడు ఉన్న కాలేజీ ఐదు కాలేజీలను న్యాక్‌కు, అంటే కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే సంస్థ తనిఖీకి, సిద్ధం చేయడానికి, మెంటార్ కాలేజీకి గరిష్ఠంగా 30 లక్షలు. మీరు అడిగేది న్యాక్ కాదు, పరిశోధన. రెండింటినీ కలిపి రాస్తే ప్రపోజల్ ఎటూ కాకుండా పోతుంది.

మీరు చూడాల్సింది ఐసీఎస్‌ఎస్‌ఆర్, భారత సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి. 'మూల్యాంకన గ్రాంటు' అని బోర్డు పెట్టుకుని ఎవరూ ఇవ్వరు, మామూలు రీసెర్చ్ ప్రాజెక్టు కిందే అడగాలి. నోటిఫికేషన్ వచ్చినప్పుడే దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి వాళ్ల వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. మీకు పీహెచ్‌డీ ఉందా?

ప్రశ్న అడిగినవారు:
ఉంది సార్, రెగ్యులర్ పోస్టే. ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లను, చేయనివాళ్లను పోల్చి చూద్దామనుకుంటున్నాను.

జవాబు (ఎకనామిక్స్ రీసెర్చర్, హైదరాబాద్):
అక్కడే చిక్కు మేడమ్. అందరికీ తప్పనిసరి చేసిన చోట చేయనివాళ్లు ఎక్కడ దొరుకుతారు? 2019-20లో చేరిన పాత బ్యాచ్‌తో పోలుద్దామంటే వాళ్ల చదువు సగం కోవిడ్‌లో పోయింది, 2020-21 వాళ్ల మొదటి ఏడాది కూడా అంతే. తేడా కనిపిస్తే అది ఇంటర్న్‌షిప్ వల్లా, కోవిడ్ వల్లా, ఆ ఏడాది ఉద్యోగాల పరిస్థితి వల్లా అని ప్రపోజల్ చూసే మొదటి నిపుణుడే అడుగుతాడు. నేనైతే ప్రశ్న మారుస్తాను. ఒకే బ్యాచ్‌లో కంపెనీకో షాపుకో ఆడిటర్ ఆఫీసుకో వెళ్లి పని చేసినవాళ్లు, ఊళ్లోనే ఉండి కాగితం తెచ్చుకున్నవాళ్లు, ఆన్‌లైన్లో ముగించినవాళ్లు, ఇలా ఎవరికి ఎలాంటి ఇంటర్న్‌షిప్ దొరికింది, ఆ తర్వాత ఏమైంది అని. అమ్మాయిలు, దూరపు పల్లెల పిల్లలు ఎందులో ఎక్కువగా ఉన్నారో కూడా చూడండి, నా మటుకు అసలు విషయం అక్కడే ఉంటుంది. అయితే మంచి ఇంటర్న్‌షిప్ దొరికినవాళ్లు ముందు నుంచే చురుకైనవాళ్లు కావచ్చు, అందుకని ఇంటర్ మార్కులు, మొదటి ఏడాది మార్కులు, ఇంటి పరిస్థితి వివరాలు కూడా తీసుకోవాలి. ఈ పరిమితి ప్రపోజల్‌లో మీరే రాసేయండి, దాచితే అనుమానపడతారు.

పాత విద్యార్థుల ఫోన్ నంబర్లు సగం పనిచేయవు. నమూనా సైజు రాసేముందు ఒక కాలేజీ అడ్మిషన్ రిజిస్టర్ పట్టుకుని యాభై మందికి ఫోన్ చేసి చూడండి, ఎంతమంది దొరికారో ప్రపోజల్‌లో పెడితే పని తెలిసిన మనిషని అర్థమవుతుంది. బడ్జెట్‌లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లకు, ప్రయాణాలకు, డేటా ఎంట్రీకి ఎక్కువ వేసుకోండి. ల్యాప్‌టాప్‌లతో మొదలయ్యే బడ్జెట్ చూస్తేనే కొందరికి చిరాకు. ఉస్మానియా క్యాంపస్‌లో ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఇలాంటి అధ్యయనాలు చేసే సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) కూడా హైదరాబాద్‌లోనే, ఒకసారి వచ్చి పాత రిపోర్టులు తిరగేయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ సార్, ఇది నాకు తట్టనే లేదు. డబ్బు నా అకౌంట్‌లో పడుతుందా? లెక్కలంటేనే టెన్షన్.

జవాబు (రిటైర్డ్ ప్రిన్సిపాల్):
మీ పేరున పడదు, కాలేజీ అకౌంట్‌కు విడతల్లో వస్తుంది. అందుకే ప్రిన్సిపాల్ ఫార్వర్డింగ్ లెటర్‌తో పాటు పై ఆఫీసు అనుమతి కూడా ముందే తీసుకోండి, గ్రాంటు వచ్చాక ఆ ఫైలు కదిలించడం నరకం. ఈ ప్రాజెక్టుకు విడిగా క్యాష్ బుక్ పెట్టండి. ఖర్చు చూపించడానికి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల (జీఎఫ్‌ఆర్) 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, అది సరిగ్గా లేకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. ఇంకొకటి, బ్యాంకులో ఆ డబ్బు మీద వచ్చిన వడ్డీ కూడా మనది కాదు, జీఎఫ్‌ఆర్ 2017 ప్రకారం కేంద్రానికి తిరిగి కట్టేయాలి. చాలామంది దాన్ని ఖర్చు పెట్టేసి ఆడిట్ అప్పుడు జేబులోంచి కడతారు. మీ సూపరింటెండెంట్‌కు ఈ ముక్క మొదటి రోజే చెప్పండి.