మిడ్‌టర్మ్‌లో ప్రెసిడెంట్ పార్టీకే ఎందుకు దెబ్బ పడుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి

అమెరికా పాలిటిక్స్ ఫాలో అయ్యేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ డౌట్ తీర్చండి ప్లీజ్. మిడ్‌టర్మ్ అంటే ప్రెసిడెంట్ పదవీకాలం మధ్యలో, రెండేళ్ళకి వచ్చే అక్కడి పార్లమెంట్ ఎన్నికలు. 2008లో ఒబామా అంత ఊపు మీద గెలిచాడు కదా, రెండేళ్ళు తిరిగేసరికి 2010లో ఆయన పార్టీ డెమొక్రాట్లకి హౌస్‌లో (దిగువ సభ, మన లోక్‌సభ లాంటిది) 63 సీట్లు పోయాయి. 1994లో క్లింటన్‌కీ అదే గతి, 2018లో ట్రంప్ పార్టీకి కూడా హౌస్ చేజారింది, అప్పుడు నిరుద్యోగం చూస్తే 4 శాతం లోపే, మరి ఎకానమీ బాగుంటే గెలుస్తారనే లెక్క ఏమైనట్టు?

నాకు తట్టిన కారణం టర్నవుట్, అంటే ఎంతమంది వచ్చి ఓటేస్తారనేది. న్యూజెర్సీలో ఉండే మా బావ ప్రెసిడెంట్ ఎన్నికకి లీవ్ పెట్టి మరీ ఓటేస్తాడు, మిడ్‌టర్మ్ అంటే మాత్రం "మనోడు ఆల్రెడీ ఉన్నాడుగా" అని లైట్ తీసుకుంటాడు, కోపంగా ఉన్న అవతలి పార్టీవాళ్ళేమో పొద్దున్నే వెళ్ళి క్యూలో నిలబడతారు. కానీ 2018లో జనం విరగబడి ఓటేశారు, అయినా అధికార పార్టీ ఓడింది, సో ఇది సగం జవాబే అనుకుంటా.

ఇంకోటి, 2022లో ధరలు మండిపోతున్నా బైడెన్ పార్టీకి హౌస్‌లో కొద్ది సీట్లే పోయాయి, సెనేట్‌లో (ఎగువ సభ) ఒకటి పెరిగింది కూడా. అబార్షన్ హక్కుని తీసేసిన సుప్రీంకోర్టు తీర్పు వల్లేనా, లేక రిపబ్లికన్లు క్యాండిడేట్లని సరిగ్గా పెట్టకపోవడమా? 1998, 2002లో ప్రెసిడెంట్ పార్టీకి సీట్లు పెరిగాయి కదా, వాటిని కూడా కలిపి ఎవరైనా వివరంగా చెప్తారా? "యాంటీ ఇన్‌కంబెన్సీ బ్రో" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, అది నాకూ తెలుసు.