డిగ్రీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు: సొంత ఊళ్లో చేస్తే చాలా, తెలియని ఊళ్లో ఉండి చేయాలా?

గట్టుమీద లెక్చరర్
ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి అమలైన డిగ్రీ సిలబస్ ప్రకారం, మొదటి ఏడాది అయ్యాక ప్రతి విద్యార్థీ 180 గంటలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. దానికి 4 క్రెడిట్లు. ఒక ఊరో వార్డో ఎంచుకుని ఇంటింటి సర్వే చేయాలి, కనబడిన సమస్య మీద అవగాహన కార్యక్రమం పెట్టాలి, లాగ్‌బుక్ రాసి రిపోర్టు ఇవ్వాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరుకునే చోటు చాలు.

నా అభ్యంతరం ఈ చివరి మాట మీదే. పుట్టి పెరిగిన ఊళ్లో పిల్లలు కొత్తగా ఏం చూస్తారు? రిపోర్టులు దిద్దుతుంటే అన్నింట్లోనూ తాగునీరు, పారిశుద్ధ్యం, ప్లాస్టిక్. ఇంకొకరి రిపోర్టు కాపీ కొట్టి, ఊరి పేరు మార్చడం మరిచిపోయినవీ వస్తున్నాయి. రెండు వారాలైనా తెలియని ఊళ్లో ఉంచితేనే ఇది చదువవుతుంది. మీరేమంటారు?

రావెప్ బ్యాచ్
సార్, మీతో ఏకీభవిస్తాను. నేను అగ్రికల్చర్ బీఎస్సీ. మాకు నాలుగో ఏడాదిలో రావెప్ ఉంటుంది, అంటే ఊళ్లో ఉండి వ్యవసాయ పనుల అనుభవం పొందే కార్యక్రమం. 2015 నుంచి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) దాన్ని 'స్టూడెంట్ రెడీ' అనే పథకం కిందికి తెచ్చింది. ఊళ్లోనే గది తీసుకుని ఉంటాం, ఒక్కొక్కరినీ ఒక రైతుకు జత చేస్తారు. నాట్లు, ఎరువులు, పురుగుమందులు, అమ్మకం అన్నీ ఆయన పక్కనుండి చూడాలి.

అన్నింటికంటే నాకు ఉపయోగపడింది ఊరి మ్యాపు. రచ్చబండ దగ్గర నేల మీద ముగ్గుపిండితో, రంగులతో ఊరివాళ్ల చేతే గీయిస్తాం. మేమున్న ఊళ్లో మగవాళ్లు చెరువు, కాలువ, గుడి, పంచాయతీ ఆఫీసు చకచకా పెట్టేశారు. ఆడవాళ్లు చూస్తూ నిలబడ్డారు. మర్నాడు పాలకేంద్రం దగ్గర వాళ్లచేత విడిగా గీయిస్తే అందులో చేతిపంపులు, అంగన్‌వాడీ, బెల్టుషాపు ఉన్నాయి. మొదటి మ్యాపులో ఆ మూడూ లేవు. సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయేవాళ్లకు ఆ రెండో మ్యాపు దొరకదు.

బీకాం సెకండియర్ అమ్మాయి
లెక్చరర్ గారూ, పోయిన వేసవిలో ఈ ప్రాజెక్టు నేను మా ఊళ్లోనే చేశాను. బయట ఊళ్లో ఉండాలంటే మా ఇంట్లో పంపరు. పంపినా గది అద్దె, తిండి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? సెలవుల్లో నేను అమ్మతో ఉపాధి హామీ పనికి వెళ్తాను. ఆ కూలి పోతే నా పరీక్ష ఫీజు కష్టమవుతుంది. రావెప్ అన్నా, మీది నాలుగేళ్ల ప్రొఫెషనల్ కోర్సు, మీ ఇళ్లలో దాన్ని ఉద్యోగానికి దారిగా చూస్తారు. మా డిగ్రీని ఎవరూ అలా చూడరు.

అసలు సంగతి వేరే ఉంది. మా ఊరు నాకు తెలుసని నేనూ అనుకున్నాను. ఊరి చివర ఎస్సీ కాలనీకి నేను అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు. సర్వే ఫారం చేతిలో ఉండబట్టే వెళ్లగలిగాను. మాకు కుళాయి పొద్దున ఆరింటికి వస్తుంది. మా వీధిలో చాలామంది కుళాయి పైపుకే మోటార్లు బిగించారు, అవి ఆపేదాకా పైపు చివరనున్న కాలనీవాళ్లకు నీళ్లు ఎక్కవు. అందులో మా పెదనాన్న మోటారు కూడా ఉంది. మీరన్న "తాగునీరు" రిపోర్టుల్లో నాదీ ఒకటి కావచ్చు సార్. దయచేసి లోపలి పేజీలు చదవండి.

రావెప్ బ్యాచ్
ఇది నేను ఆలోచించని కోణం చెల్లెమ్మా. ఐనా ఒక అనుమానం. నీలాగా వీధి దాటి వెళ్లేవాళ్లు క్లాసుకు ఎంతమంది ఉంటారు? మిగతావాళ్లు అరుగు మీద కూర్చుని ఫారాలు నింపేస్తారు. తెలియని ఊళ్లో ఆ అవకాశం తక్కువ.

అంగన్‌వాడీ టీచర్
పిల్లలు ఏం నేర్చుకున్నారనే మాట్లాడుతున్నారు. మా సంగతీ వినండి. కాలేజీ పిల్లలు వస్తారు, ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, అప్పెంత అని అడుగుతారు. ఆడవాళ్లు పని ఆపుకుని చెబుతారు. ఆ తర్వాత ఆ కాగితాలు ఏమయ్యాయో ఒక్కరూ వచ్చి చెప్పలేదు. సొంత ఊరి పిల్లలైనా, బయటివాళ్లైనా అంతే. "మళ్లీ ఫొటోలకా?" అని ఇప్పుడు మొహం మీదే అంటున్నారు. సర్వేలో ఏం తేలిందో గ్రామసభలో చదివి వినిపించాలని రూలు పెట్టండి. అప్పుడు ఎవరూ అరుగు మీద ఫారాలు నింపరు.

గట్టుమీద లెక్చరర్
టీచర్ గారి మాట నాకు నచ్చింది. ఊళ్లో కొన్నాళ్లు ఉండటం అవసరమని ఇప్పటికీ అంటాను, కానీ ఆ ఖర్చు విద్యార్థి మీద పడకూడదు. 1969 నుంచి నడుస్తున్న ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం)లో దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఎలాగూ ఉంది. బస, భోజనం కాలేజీ చూస్తుంది, మహిళా లెక్చరర్లు తోడుంటారు. ఆ శిబిరంలో రోడ్లు ఊడవడం, ర్యాలీలు తగ్గించి, మ్యాపు గీయించడం, సర్వే చేయడం అక్కడే నేర్పుదాం. తర్వాత 180 గంటలు ఎవరి ఊళ్లో వాళ్లు చేసుకోవచ్చు. ఫలితాలు గ్రామసభలో చదివితేనే పూర్తి మార్కులు.

బీకాం సెకండియర్ అమ్మాయి
శిబిరం సంగతి బాగుంది సార్, అమ్మాయిలను ఇళ్లలో పంపే అవకాశం ఉంటుంది. గ్రామసభ అంటేనే నాకు భయం. బయటి ఊరివాళ్లు చదివేసి వెళ్లిపోతారు. నేను మోటార్ల గురించి పెద్దల ముందు చదివితే ఆ రాత్రి మా ఇంట్లో గొడవే. కాలనీలో నాకు ఆ సంగతి చెప్పిన ఆమె మా పెదనాన్న పొలానికే కూలికి వస్తుంది. ఆమెను పని మాన్పిస్తే? మార్కుల కోసం ఆమెను ఇబ్బందుల్లోకి నెట్టలేను.

గట్టుమీద లెక్చరర్
అది నిజమమ్మా. అయితే చదివేది విద్యార్థి కాదు, గైడుగా ఉన్న లెక్చరర్. ఎవరు చెప్పారో, ఎవరి ఇల్లో అందులో ఉండకూడదు. మీ ఊరికైతే నేను వస్తాను.

అంగన్‌వాడీ టీచర్
ఏ వీధికి ఎన్నింటికి నీళ్లు వస్తున్నాయో పట్టిక వేస్తే చాలు. మోటార్లు ఎవరివో ఊళ్లో అందరికీ తెలుసు. సభకు ముందే దాన్ని గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌కు ఇవ్వండి. ఆయన చూసుకోవాల్సిన పనే అది. సభ రోజు ఆయన కూడా అక్కడ ఉండేలా చూడండి సార్.