మన కల్పిత రాజ్యంలో బిల్లును తిప్పి పంపే హక్కు రాజుకు ఉండాలా?

కొండవాగు: మనం కలిసి రాస్తున్న శ్వేతగిరి రాజ్యాంగం పన్నెండో అధికరణం దగ్గర ఆగిపోయింది. సభలు ఆమోదించిన బిల్లును రాజు ఒక్కసారైనా తిప్పి పంపగలగాలని నా అభిప్రాయం. భూటాన్ 2008 రాజ్యాంగంలో ఆ వీలుంది. ఉమ్మడి సమావేశం మళ్లీ ఆమోదిస్తే రాజు సమ్మతించక తప్పదు. 65 ఏళ్లకు ఆయన సింహాసనం దిగాలని కూడా అందులోనే ఉంది.

నేలబావి: అసలు సంతకమే అక్కర్లేదు. 1975లో అమల్లోకి వచ్చిన స్వీడన్ రాజ్యాంగ శాసనం ప్రకారం రాజు చట్టాలపై సంతకం చేయడు, ప్రధానిని ప్రతిపాదించేది స్పీకరే. అయినా అక్కడ రాజరికం నిలిచే ఉంది.

పాతసంచిక: బ్రిటన్‌లో 1708 తర్వాత ఎవరూ సమ్మతి నిరాకరించలేదు.

కొండవాగు: నిరాకరించకపోవడం వేరు, హక్కు లేకపోవడం వేరు. 1990లో బెల్జియం రాజు బోదువాన్ గర్భస్రావ చట్టంపై సంతకానికి మనస్సాక్షి ఒప్పుకోదన్నారు. ఆయన పాలించలేని స్థితిలో ఉన్నారని ప్రకటించి మంత్రులే ఆ చట్టాన్ని జారీ చేశారు, ఏప్రిల్ 5న పార్లమెంటు ఆయన అధికారాలను తిరిగి అప్పగించింది. చట్టం ఆగలేదు, మనిషి మాటా నిలిచింది.

నేలబావి: అది నా వాదనకే బలం. 2008లో లక్సెంబర్గ్ గ్రాండ్ డ్యూక్ కారుణ్య మరణ చట్టానికి సమ్మతించనన్నప్పుడు అక్కడివారు రాజ్యాంగం నుంచి ‘సమ్మతి’ని తొలగించి ‘ప్రకటన’ను మాత్రమే మిగిల్చారు. మీరు ఆ ఒక్క మాటను ఎందుకు వదలరు?

కొండవాగు: వదలను. తొందరపాటుకు ఒక అడ్డుకట్ట ఉండాలి.

నేలబావి: అడ్డుకట్ట అంటే ఏమిటో నాకు తెలుసు. మా నాన్నగారి పింఛను కాగితం ఒక కార్యాలయంలో ఒకే ఒక్క సంతకం కోసం పద్నాలుగు నెలలు పడి ఉంది. వెళ్లిన ప్రతిసారీ అదే అట్ట, అదే ఆకుపచ్చ ట్యాగు కనిపించేవి, పైన దుమ్ము మాత్రం పెరిగేది. జవాబుదారీ కాని చేతికి కలం ఇవ్వకండి.

కొండవాగు: మరి మా సంగతి వినండి. మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై రెండు ఇళ్లకు గాను పదిహేడు ఇళ్లవాళ్లు చేతులెత్తి కింది అంతస్తుకు నీళ్ల వేళలు కుదించారు. తీర్మానం నిబంధనల ప్రకారమే జరిగింది. తెల్లవారుజామున నాలుగింటికి బిందెలు నింపుకునే మా అమ్మ ఎవరికి మొరపెట్టుకోవాలి?

మడతకుర్చీ: ఇద్దరూ కాస్త శాంతించండి.

నేలబావి: అంటే మీరు అడుగుతున్నది రాజు సంతకం కాదు, అయిదుగురి మాట వినే చోటు. దానికి న్యాయస్థానం ఉంటుంది. 2005 ఫిబ్రవరి 1న నేపాల్ రాజు పాలనంతా తన చేతుల్లోకి తీసుకున్నారు. 2008లో అక్కడ రాజరికమే పోయింది. అయిదుగురి రక్షణను ఒక్కరికి అప్పగించడం నాకు భయం.

కొండవాగు: నాకు భయం పదిహేడుగురంటే. సరే, పన్నెండో అధికరణం కొట్టేస్తాను, కానీ ఆ న్యాయస్థానం ఎక్కడ ఉంటుందో మీరే రాయండి. మనం గీసిన పటంలో ఉత్తరపు కొండ ఊళ్ల నుంచి రాజధానికి రెండు రోజుల నడక.