అప్‌డేట్: విశాఖ రాళ్ల సందుల్లోని చిన్న పీత ఏ జాతో తేలింది

విశాఖ తీరంలో సేకరించిన చిన్న పీతల ఫొటోలు హైదరాబాద్ నుంచి పెట్టి, ఇవి ఏ జాతని అడిగాను కదా. ఇవి లెప్టోడియస్ ఎక్సరేటస్ (హెచ్. మిల్నె ఎడ్వర్డ్స్, 1834). సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

రంగు, మచ్చలు అస్సలు పనికిరాలేదు. ఈ జాతిలో ఒక్కో పీతది ఒక్కో రంగు, పైగా ఆల్కహాల్‌లో వెలిసిపోతుంది. డెక్కల కొనలు చెంచాలా గుంటపడి ఉండటం వల్ల వెతకాల్సిన ప్రజాతులు (దగ్గరి జాతులను కలిపే గుంపులు, జీనస్‌లు) తగ్గాయి, అంతే. జాతిని తేల్చింది మాత్రం మీలో ఒకరు చెప్పిన గోనోపాడ్ (మగపీత పొట్టకింద జతకట్టడానికి వాడే సన్నటి అవయవం) పరీక్షే. పొట్టకింద మడత సన్నగా ఉన్న మగపీతనే తీసుకోండి. మడత ఎత్తి, మొదటి జత గోనోపాడ్‌లలో ఎడమదాన్ని మొదలు దగ్గర సన్నటి ఫోర్సెప్స్‌తో పట్టి తీయాలి. కొన దగ్గర పట్టుకుంటే విరుగుతుంది, చూడాల్సింది ఆ కొన ఆకారాన్నే. గ్లిజరిన్ చుక్కలో పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది.

లేబుల్‌పై వర్ణించినవారి పేరు, సంవత్సరం చుట్టూ బ్రాకెట్లు వదిలేయకండి. 1834లో దీన్ని క్లోరోడియస్ ప్రజాతిలో వర్ణించారు, ప్రజాతి మారింది కాబట్టే అవి ఉండాలి.