మారేడు కాయ విరేచనాలు ఆపుతుందా, మలబద్ధకం పోగొడుతుందా?

కాజీపేట కోడలు:

అందరికీ నమస్కారం. మా అత్తగారింటి దొడ్లో బావి పక్కన పాత మారేడు చెట్టు ఉంది. ఇన్నేండ్లూ శివరాత్రికి, కార్తీక మాసంలో వాడకట్టు వాళ్లు వచ్చి ఆకు కోసుకుపోవడమే గానీ కాయల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి కాపు బాగా పట్టింది. మొన్నటి గాలివానకు పది కాయల దాకా రాలాయి. కొన్ని పచ్చగా రాయిలా ఉన్నాయి, నాలుగైదు పసుపు తిరిగి ఇల్లంతా వాసన వస్తున్నాయి.

"విరేచనాలు పట్టుకుంటే మా అవ్వ ఈ కాయే పెట్టేది" అంటుంది మా అత్తమ్మ. ఎట్లా చేసి పెట్టేదో మాత్రం గుర్తు లేదట. మా ఆడబిడ్డేమో ఫోన్లో చూసి, మారేడు షర్బత్ తాగితే మలబద్ధకం పోతుందంటుంది. ఒకే కాయ రెండు పనులూ ఎట్లా చేస్తుంది? మా బాబుకు ఆరేండ్లు, బయట ఏం తిన్నా వాడికి కడుపు చెడుతుంది. మామయ్యకు షుగరుంది, రోజూ మాత్రలు వేసుకుంటారు. ఎవరికి ఏం పెట్టొచ్చో, ఏం పెట్టకూడదో తెలిసినవాళ్లు చెప్పండి.

పరకాల నుంచి:

ముందుగా అది మారేడో వెలగో చూసుకోండి, చాలామంది పొరబడతారు. మారేడు ఆకు మూడు రెక్కల దళం. వెలగకు ఒకే ఈనెకు ఐదో ఏడో చిన్న ఆకులుంటాయి. వెలక్కాయ పెంకు బూడిద రంగులో గరుకుగా ఉంటుంది, లోపలి గుజ్జు గోధుమ రంగు, పులుపు. మారేడు పెంకు నున్నగా ఉంటుంది, పండితే లోపల నారింజ రంగు గుజ్జు. మీది పూజకు కోసే చెట్టే అంటున్నారు కాబట్టి మారేడే అయ్యుంటుంది.

నర్సంపేట రైతుబిడ్డ:

అక్కా, మీ అత్తమ్మ మాటా నిజమే, మీ ఆడబిడ్డ మాటా నిజమే. ఒకరు చెప్పేది కాయ గురించి, ఇంకొకరు చెప్పేది పండు గురించి. చెట్టు ఒకటే గానీ మందులు రెండు. ఇది తెలియక నేనొకసారి తప్పు చేశాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

మాది పాకాల చెరువు దిక్కు ఊరు. మా నాయనమ్మ దగ్గర మారేడు ఒరుగులు ఎప్పుడూ ఉండేవి. సంక్రాంతి దాటాక, కాయ పూర్తిగా ఊరి ఇంకా పచ్చగా ఉన్నప్పుడు కోయించేది. పండనిచ్చేది కాదు. గొడ్డలి మడమతో పెంకు పగలగొట్టి, లోపలి కండను చక్రాల్లా కోసి చాటలో ఎండబెట్టేది. అడ్డంగా కోసిన కాయను దగ్గర పెట్టుకుని చూడండి. నడుమ పువ్వులాగ గదులు, గది గదికీ గింజలు, వాటి చుట్టూ అద్దంలా మెరిసే బంక. ఆ బంక వేళ్లకు పట్టుకుంటే ఊరికే వదలదు. చిన్నప్పుడు మేము దానితోనే గాలిపటాల కాగితం అతికించేవాళ్లం. చక్రాలు బాగా ఎండి, విరిస్తే టక్కున విరగాలి. మెత్తగా ఉండగానే డబ్బాలో పోస్తే బూజు పడుతుంది.

విరేచనాలప్పుడు ఆ ఒరుగులు నాలుగు నీళ్లలో వేసి, నీళ్లు సగమయ్యేదాకా కాచి, వడకట్టి ఇచ్చేది. పచ్చి కాయ దొరికే రోజుల్లో అయితే కాల్చి పెట్టేది. తొడిమ దగ్గర కత్తి మొనతో చిన్న రంధ్రం చేసి (లేకపోతే పొయ్యిలో పేలుతుంది) మంట తగ్గాక నిప్పుల మీద ఉడుకు బూడిద కప్పి తిప్పుతూ ఉండేది. పెంకు నల్లబడి ఆవిరి వచ్చాక తీసి, గింజలు ఏరేసి, నిమ్మకాయంత గుజ్జులో బెల్లం ముక్క కలిపి పెట్టేది. పెద్దవాళ్లకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నాలుక మీద వగరు తెలిసేది. "వగరున్నంత సేపే మందు, తీపెక్కితే అది పండే" అనేది.

ఆయుర్వేదం చెప్పేదీ ఇదే. మిగతా పండ్లన్నీ పండితేనే గుణం ఎక్కువ, మారేడుకు మాత్రం పచ్చి కాయకే ఎక్కువ. పచ్చి కాయలోని వగరు పదార్థాలు, టానిన్లు అంటారు, విరేచనాలను కట్టడి చేస్తాయి. కాయ పండేకొద్దీ వగరు తగ్గి గుజ్జు తీయగా, జిగురుగా మారుతుంది. ఆ గుజ్జు మలాన్ని మెత్తబరుస్తుంది. మీ ఆడబిడ్డ చూసిన షర్బత్ అదే.

ఇక నా తప్పు. కొన్నేండ్ల కింద ఎండకాలంలో పెండ్లి భోజనం తిన్నాక మా బాపుకు విరేచనాలు మొదలయ్యాయి. నాయనమ్మ అప్పటికే లేదు. "మారేడు కడుపుకు మంచిది" అన్న ఒక్క మాట నా బుర్రలో ఉంది. బాగా మాగిన పండు పిసికి, బెల్లం వేసి రెండు గ్లాసులు తాగించాను. రాత్రికి ఇంకా ఎక్కువైంది. తెల్లవారేసరికి లేచి నిలబడలేకపోయాడు, కండ్లు లోపలికి పోయాయి. దవాఖానలో సెలైన్ ఎక్కించాక గానీ తేరుకోలేదు. మా పెద్దమ్మ వచ్చి "పండు ఎందుకు పోసినవ్ బిడ్డా, అది కదిలించేది గదా" అంది. తిట్టలేదు, అంతే అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంకో సంగతి, అసలు ఆ రాత్రి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లన్నా సరిగ్గా పట్టించలేదు నేను. మందు ఏదైనా ముందు ఒంట్లో నీళ్లు నిలబడాలి.

హన్మకొండ మూలికల షాపు:

తమ్ముడు బాగా చెప్పాడు. కొన్ని జాగ్రత్తలు నేను కలుపుతాను.

బాబు విషయంలో మారేడు రెండో మాట. విరేచనాలు మొదలవగానే ఓఆర్ఎస్ పట్టించండి. పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం కలపాలి, సగం సగం కలపొద్దు. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్‌తో పాటు జింకు మాత్రలూ దొరుకుతాయి, ఐదేండ్ల లోపు పిల్లలకైతే అవి విరేచనాలు తగ్గినా 14 రోజులు వాడాలి, మీ బాబుకు ఆరేండ్లు కాబట్టి డాక్టరును అడిగి వాడండి. మలంలో నెత్తురు పడినా, జ్వరం ఉన్నా, మూత్రం తగ్గినా, పిల్లవాడు మగతగా ఉన్నా ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

మీ మామయ్య గారికి ఎవరో ఒకరు పొద్దున్నే మారేడు ఆకు రసం తాగమంటారు. షుగరుకు ఆ ఆకు వాడే అలవాటు పాతదే, జంతువుల మీద చేసిన పరీక్షల్లో చక్కెర తగ్గినట్టు కూడా తేలింది. కానీ మాత్రలు వేసుకుంటూ పైన ఇదీ తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. బెల్లం షర్బత్ ఎలాగూ ఆయనకు వద్దు. ఇంట్లో గర్భిణులుంటే ఆకు రసం, కషాయం జోలికి అసలు పోవద్దు.

పండు షర్బత్ కూడా చిన్న గ్లాసుతో ఆపండి, ఎక్కువైతే అరగదు, కడుపు ఉబ్బరిస్తుంది. మీ చెట్టు వేరు కూడా దశమూలాల్లో (ఆయుర్వేద మందుల్లో కలిపి వాడే పది వేర్లలో) ఒకటి, కానీ అది ఇంట్లో తవ్వి వాడేది కాదు. ఇంకా అనుమానముంటే మన వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడి డాక్టర్లకు కాయ తీసుకుపోయి చూపించండి.

కాజీపేట కోడలు:

అందరికీ చాలా థాంక్స్. బాబు కోసం ఓఆర్ఎస్ ఇప్పుడే తెప్పించి పెట్టాను. రాలిన వాటిలో మూడు పగిలి ఉన్నాయి, చీమలు కూడా పట్టాయి. పనికొస్తాయా? ఒరుగులు ఇప్పుడు చేసుకోవచ్చా, సంక్రాంతి దాకా ఆగాలా?

నర్సంపేట రైతుబిడ్డ:

పగిలినవి పారేయండి అక్కా, లోపల పులిసిపోయి ఉంటాయి. పచ్చగా, గట్టిగా, దెబ్బ తగలని కాయలుంటే ఇప్పుడే చేసుకోవచ్చు, ఎండ బాగుంది కాబట్టి త్వరగా ఆరతాయి. పెంకు పగలగొట్టాక, చక్రాలు కోసే ముందు లోపలి కండ కొంచెం నాకి చూడండి, వగరు తెలియాలి. పసుపు తిరిగినవి షర్బత్‌కు. గుజ్జు నీళ్లలో నానబెట్టి చేత్తోనే పిసికి బట్టతో వడకట్టండి. మిక్సీలో వేస్తే గింజలు నలిగి చేదెక్కుతుంది. చెట్టెక్కేవాళ్లకు ముండ్లున్నాయని చెప్పండి, ఆకుల మధ్య కనపడవు.

కాజీపేట కోడలు:

ఐదు కాయలు కోశాం. పెంకు పగలగొట్టడానికి మా ఆయన రోకలి తీసుకోవాల్సి వచ్చింది. చక్రాలు డాబా మీద చాటలో పెట్టాను. ఒక ముక్క అత్తమ్మకు ఇస్తే నోట్లో వేసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇదే వగరు. అవ్వ దీన్ని చింతపండు కుండ పక్కన పెట్టేది" అంది.