కనుమ టేబుల్: గుర్రపు ఇత్తడి బిళ్ళలకి ఇద్దరు కావాలి

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని మన వాల్సాల్‌లో మన సంక్రాంతి వేడుకకి ఈసారి కనుమ టేబుల్ నేను చూస్తున్నాను. ఎద్దుల కొమ్ములకు పెట్టే ఇత్తడి కుప్పెలు, మెడ గంటల పక్కనే ఇక్కడి బండి గుర్రాలకు కట్టిన ఇత్తడి బిళ్ళలు కూడా పెడదాం. గుర్రాలకు కట్టే తోలు సామానుకి పేరుపడ్డ ఊరిది. ఇక్కడ హాలు తీసుకుని వాటిని వదిలేయడం నాకు బాగోలేదు. మా పక్కింటి పెద్దాయన నలభై దాకా ఇస్తానన్నారు: సూర్యుడు, నెలవంక, గోధుమ పన, విక్టోరియా రాణి 1887, 1897 జూబిలీలవి రెండు.

మీ ఇళ్ళలో ఉన్నవీ తెండి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి, ముఖ్యంగా వెనక వైపు. వయసు చెప్పే గుర్తులన్నీ అక్కడే ఉంటాయి.

— అన్నా, కార్ డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే కార్ బూట్ సేల్‌లో కొన్నవి ఆరున్నాయి. పాతవో కావో ఎలా తెలుస్తుంది?

— వెనక్కి తిప్పి చూడమ్మా. పాత రోజుల్లో పోత పోసేటప్పుడు వెనక చిన్న బొడిపెలు ఉంచేవారు, ఆకురాయి పెట్టేటప్పుడు బిళ్ళ కదలకుండా పట్టుకోవడానికి. పనయ్యాక వాటిని తీసేసేవారు. ఆ మచ్చలు కొన్నిటి మీద ఇంకా కనిపిస్తాయి. తోలు పట్టీ దూర్చే కంత దగ్గర వెనక నున్నగా అరిగిందంటే గుర్రం మీద తిరిగిందనుకోవచ్చు. వెనకంతా ఇసుక గరుకు అలాగే ఉంటే చాలావరకు గోడకి తగిలించడానికి తర్వాత చేసినదే. కావాలని అరగదీసి అమ్మేవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఒక్క గుర్తుతో తేల్చకండి. పల్చగా, తేలిగ్గా ఉన్నవి అచ్చుతో కొట్టిన రకం. అవి సుమారు 1880 నుంచి వచ్చాయి, వాటిలోనూ మంచి పాతవి ఉంటాయి. అయస్కాంతం అంటుకుంటే మాత్రం లోపల ఇనుమే.

— వచ్చినవాళ్ళు రేటు అడిగితే ఏం చెప్పాలండీ?

— రేటు మనం చెప్పొద్దండి. మన మాట నమ్మి ఎవరైనా తక్కువకి అమ్ముకుంటే ఆ బాధ మనదే. ఈ బిళ్ళల మీద ఆసక్తి ఉన్నవాళ్ళ సంఘం, 1975లో మొదలైన నేషనల్ హార్స్ బ్రాస్ సొసైటీ ఉంది, ఆ సభ్యుల్ని అడగమందాం. మన చీటీ మీద ‘పాతది’, ‘తర్వాతది’, ‘అనుమానం’ చాలు.

— నేను, మా అబ్బాయి పొద్దున వస్తాం.

— చాలా సంతోషం. తీసుకునేటప్పుడే రెండు వైపులా ఫోటో తీసి, నంబరు చీటీ దారంతో కట్టండి, స్టికర్ వద్దు. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు కావాలి. గాజు మూత పెట్టె ఎవరి దగ్గరైనా ఉంటే శుక్రవారంలోగా చెప్పండి.